గొంతు కింద సూది

డాక్టర్ గావ్ నా గడ్డం కింద ఆఖరి సూది గుచ్చాడు. "తీసేదాకా నోరు మెదపకండి. జబ్బు మొండిది, ఇంకో విడత తప్పదు" అని తెర లాగి వెళ్ళాడు.

నిద్రలో ఊపిరి ఆగి, గురకతో మళ్ళీ అందుకునే జబ్బు నాది. రాత్రి సుజౌ పెద్దాసుపత్రివాళ్ళిచ్చిన ఊపిరి మాస్కు, పగలు ఈ ఆక్యుపంక్చర్ సూదులు. నా గురక పడలేక పక్కగదికి మారిన మా ఆవిడ యుఝెన్, అది తగ్గిననాడు తిరిగొస్తానంది. ఆ ఆశతోనే పొడిపించుకుంటున్నాను. పరీక్షల ఫలితాలు మాత్రం ఆవిడే వింటుంది; రోగికి కాక ఇంట్లోవాళ్ళకే చెప్పడం మా చైనాలో మామూలే.

తెర అవతల యుఝెన్ గొంతు వినిపించింది. "కొత్త పరీక్షలో ఏం తేలింది డాక్టరుగారూ?"

"గురక దాదాపు పోయిందక్కా. ఇంకెన్నాళ్ళు దాచమంటారు? ఆయన ముఖం చూడలేకపోతున్నాను."

"మీదేం పోయింది? పక్కన పడుకోవాల్సింది నేను! ఇన్నేళ్ళకి నాకంటూ ఒక మంచం దొరికింది. ఇంకొక్క విడత అనండి."

అరవబోయాను. గొంతు కింద సూది చురుక్కుమంది.

అడుగుల చప్పుడు దగ్గరైంది. నేను కళ్ళు మూసుకుని, సూదులన్నీ వణికేలా గురక పెట్టాను.

"విన్నారా, ఎక్కడ తగ్గింది!" అంది యుఝెన్.

ఆ గొంతులో అంత సంతోషం విని ఎన్నేళ్ళయిందో.