ఎడమచెయ్యి

"ఉయ్యాల మీంచి పడింది డాక్టరు గారూ," అన్నాడు తండ్రి. నాలుగేళ్ల పాప కుడిచెయ్యి కదలకుండా వేలాడుతోంది.

డాక్టరమ్మ ఆ మోచెయ్యి పట్టుకుని, అరచెయ్యి పైకి తిప్పి మడిచింది. లోపల టిక్కుమంది. కాసేపటికి ఏడుపు ఆపి, బల్ల మీది చాక్లెట్ కోసం పాప అదే చెయ్యి చాచింది.

"కీలు దగ్గర ఎముక జారింది, సర్దేశాను. కానీ పడితే ఇలా జారదండీ. ఎవరో చెయ్యి పట్టుకుని గట్టిగా గుంజి ఉండాలి."



"లేదు, నేనే పడ్డా. ఉయ్యాల మీంచే," పాప గబగబా అంది.

మెట్ల దగ్గర అతను అలవాటుగా చెయ్యి చాచాడు. పాప అతని వెనకనుంచి చుట్టు తిరిగి అటుపక్కకొచ్చి, తన ఎడమచెయ్యి ఇచ్చింది.

"రేపు బూట్లు తొందరగా వేసుకుంటాలే నాన్నా."