కళ్లెదుటే బిగించాలి

"నా కళ్లెదుటే బిగించాల. లోపలికి తీసుకపోతానంటే కుదరదు," అన్నాడు ఆనందం, చేతిరుమాలు మూట ఇంకా విప్పకుండానే.

షాపు యజమాని యేసుప్రసాద్ నవ్వాడు. "ఈడనే చేస్తాలే పెద్దాయనా. కూర్చో."

ఆ నవ్వు ఆనందానికి బొత్తిగా నచ్చలేదు. రిపేరు షాపులో నవ్వుతూ పలకరించేవాడి దగ్గరే రెండు కళ్లూ తెరుచుకుని ఉండాలి. అందులోనూ ఇది ఊరు కాని ఊరు. కర్నూల్లో తనకు తెలిసిన మనిషి ఒక్కడూ లేడు.

కడపలో ఈ పని చేసేవాళ్లు లేక కాదు. వాళ్లలో ఒక్కడినీ ఆయన నమ్మడు. అందుకే తెల్లవారుజామున బస్సెక్కి, స్తుతి గిటారును ఒళ్లో పసిబిడ్డలా పెట్టుకుని ఇంత దూరం వచ్చాడు. స్తుతి ఆయన మనవరాలు. వచ్చే ఆదివారం చర్చిలో మొదటిసారి వాయించబోతోంది. చవక గిటారు, రేకు డబ్బా మోత. దాని గొంతు మార్చాలంటే తీగల కింద ఉండే పికప్పులు మార్చాలి. తీగ కదిలితే పట్టుకుని స్పీకరుకు పంపే అయస్కాంతాలు అవి.

మూటలో ఉన్నవి పాతకాలపు జపాన్ పికప్పులు, రెండు. ఇప్పుడు కావాలన్నా దొరకవు. పోయాయంటే పోయినట్టే. మనవరాలికి ఇవ్వడానికి ఆయన దగ్గర ఇంతకన్నా విలువైంది ఇంకేమీ లేదు.

"యాడ కొంటివి పెద్దాయనా వీటిని?" అడిగాడు యేసుప్రసాద్, ఒకదాన్ని వెలుగులో తిప్పి చూస్తూ.

"పాతసామాన్ల అంగట్లో. ఏం?"

"ఏంల్యా. శానా మంచియి."

ఆనందం కుర్చీని ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు. వీడికి విలువ తెలుసు. తెలియనివాడైతే భయం లేకపోయేది.

పికప్పుల మీద పేరు లేదు, నంబరు లేదు. వైర్ల రంగులు వెలిసిపోయి రెండూ ఒకేలా ఉన్నాయి. యేసుప్రసాద్ మీటరు పెట్టి వాటి రెసిస్టెన్సు కొలిచాడు. ఒకటి ఏడు పాయింట్ నాలుగు, రెండోది ఎనిమిది పాయింట్ ఒకటి. "ఎక్కువ ఉండేది కింద బ్రిడ్జి దిక్కు, తక్కువది పైన గిటారు మెడ దిక్కు," అన్నాడు. ఆనందం ఆ అంకెల్ని బస్సు టిక్కెట్టు వెనక రాసుకున్నాడు. రాసుకునేసరికి చేయి వణికి ఎనిమిది కాస్తా గుండ్రాయిలా తయారైంది. పక్షవాతం వచ్చిపోయినప్పటి నుంచి ఆ చేయి ఆయన మాట వినడం లేదు.

యేసుప్రసాద్ దూదిని స్పిరిట్‌లో ముంచి పికప్పు అడుగు భాగం తుడవబోయాడు.

"ఎందుకది?"

"మురికి ఉండాది."

"ఉండనీ. తుడవద్దు."

అక్కడ స్తుతి గోళ్లరంగుతో రాత్రి తను రెండింటికీ పెట్టిన చుక్క ఉంది. ఆనవాలు. యేసుప్రసాద్ చుక్కను చూసి, దూదిని పక్కన పడేశాడు. అంత తేలిగ్గా మాట వినడం ఆనందానికి ఇంకా అనుమానంగా తోచింది.

షాపు వెనకే ఉన్న ఇంట్లోంచి యేసుప్రసాద్ భార్య జ్ఞానమణి వచ్చింది. "పొద్దున్నించి ఏం తిన్నట్టు ల్యావే. బొరుగుల ఉగ్గాని చేసినా. లోపలికి రా పెద్దాయనా, తిందువు."

ఇదీ ఒక ఎత్తే. "వద్దమ్మా, ఆకలి ల్యా," అన్నాడు. కడుపు మాత్రం కుయ్యోమంటోంది. ఆమె ప్లేటు అక్కడికే తెచ్చిపెట్టింది. ఆయన పికప్పుల మీంచి చూపు తిప్పకుండా తిన్నాడు. సగం బొరుగులు చొక్కా మీదే రాలాయి.

టంకం పెట్టడం అయ్యాక ఆనందం మెడ దిక్కుదాన్ని మళ్లీ కొలవమన్నాడు. మీటరు ఏడు పాయింట్ ఆరు చూపించింది.

"ఇందాక ఏడు పాయింట్ నాలుగు," అన్నాడు, గొంతు గట్టిగానే లేచింది.

"వేడికి పెరుగుతాది పెద్దాయనా. సల్లారనీ."

ఈ మాట ఆనందానికి కొత్త కాదు. అయినా కదలకుండా కూర్చున్నాడు. పది నిమిషాలకు మీటరు మళ్లీ ఏడు పాయింట్ నాలుగుకు దిగింది.

రెండు పికప్పులూ కలిపి వాయిస్తే మొదట గొంతు పీలగా వచ్చింది. యేసుప్రసాద్ ఒకదాని వైర్లు రెండూ అటుది ఇటు మార్చి మళ్లీ అతికాడు. ఈసారి మీటగానే షాపంతా నిండిపోయింది. ఆ నాదానికి వీధిలో పోయే ఇద్దరు ఆగి చూశారు.

అతికి బిగించేటప్పుడు ఆనందం వంగి పికప్పుల అడుగున చూసే ఉన్నాడు. చుక్కలు రెండూ ఉన్నాయి. సిగ్గుతో ఆయన తల వాలిపోయింది.

"నిన్ను శానా అనుమానించినా. ఏమనుకోవాకప్పా."

"అనుకునేదేముండాది. ఎవుర్దైనా నేను వాళ్ల ముందరే విప్పుతా. మా నాయన ప్రార్థన కూటాలకు పోయిన ఊర్లో ఒకసారి గిటారు రిపేరికిచ్చినాడు. ఆయప్పకు అదంటే పానం. తిరిగొచ్చినాంక అది ముందర్లెక్క పలకలా. గిటారులో ఏదో మారిందని ఆయనకు తోచనే ల్యా. 'నేనేదో పాపం చేసింటా, దేవుడిచ్చిన వరం దేవుడే ఎనక్కి తీసుకున్యాడు' అని ఏడ్సినాడు. పొయ్యేదాకా మళ్లా ముట్టుకోలా."

"పేరేం మీ నాయనది?"

"జయరాజ్. ఓర్వకల్లు జయరాజ్ అంటే అప్పట్లో చుట్టుపక్కల చర్చిలన్నిటికీ తెలుసు."

ఆనందం గిటారును సంచిలో పెట్టాడు. జిప్పు ఎంతకీ పడలేదు. యేసుప్రసాదే వచ్చి వేశాడు. వేసి, జాగ్రత్తగా పొమ్మని చెప్పి, బస్టాండు దాకా ఆటో కూడా మాట్లాడిపెట్టాడు.

ఇరవై రెండేళ్ల కిందట, కడపలోని తన రిపేరు షాపులో కూర్చుని, జయరాజ్ గిటారులోంచి ఈ రెండు పికప్పుల్నీ ఊడదీసి డూప్లికేట్లు బిగించి పంపింది ఆనందమే.