ఆగిపోయిన అలల లెక్క

తెడ్డు దెబ్బకి ఉమామహేష్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. లేస్తూనే చెయ్యి చాచి కంప్యూటర్ తెర ఆపేశాడు.

"ఏటి దాస్తన్నావురా?" పోలిరాజు జుట్టు పట్టి అతని తలని గోడకేసి కొట్టాడు.

మధురవాడలో అదొక ఆఫీసు, ఉమామహేష్ పనిచేసేది అక్కడే. వరసగా పేర్చిన కంప్యూటర్లన్నీ కలిసి, మర్నాడు సముద్రంలో అలలు ఎంత ఎత్తు లేస్తాయో లెక్కగడతాయి. ప్రమాదముంటే జాలరిపేటలో మైకు పెట్టి చెబుతారు. మొన్న ఆ లెక్క మధ్యలో ఆగిపోయింది. మైకు పలకలేదు. పలకలేదంటే భయం లేదనే పేటలో నమ్మకం. పోలిరాజు తమ్ముడు ఎల్లారావు తెప్పేసుకుని వెళ్లాడు. ఈ పొద్దున శవం ఒడ్డుకొచ్చింది.

గుమ్మం దగ్గర పోలిరాజు కూతురు దేవి నిలబడింది. ఆమెదీ ఇదే ఆఫీసు; పేట నుంచి కంప్యూటర్ ఉద్యోగానికొచ్చిన మొదటి పిల్ల. ఆ కంప్యూటర్ల మీద బయటివాళ్లు కూడా లెక్కలు వేయించుకుంటారు; ఎవరి లెక్కయినా ఆగిపోతే, తెర మీది ఇంగ్లీషు చదివి, ఎందుకాగిందో మామూలు మనుషులకి అర్థమయ్యేలా చెప్పడమే ఆమె పని. చాలా మెత్తని మనిషి. ఎవరైనా బతిమాలితే, నడుస్తున్నదాన్ని ఆపి వాళ్ల లెక్కని ముందుకు జరిపేది కూడా.

"నాన్నా, ఒగ్గీ. సచ్చిపోతాడు."

"సావనీ. నీ సిన్నాన్న సావలేదా?" పోలిరాజు మళ్లీ ఉమామహేష్ మీదికి వంగాడు. "దానంతటదే ఆగిందా, ఎవుడైనా ఆపినాడా?"

ఉమామహేష్ మూతి మీది రక్తం తుడుచుకున్నాడు. "మిషన్ పాడైపోనాది మావా."

తెడ్డు మోకాలి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు దేవికి వినిపించింది.

"ఆపినోడి పేరు అందులో ఉంటాదంట గదా. నాకు సదువు రాదు. తెర ఎలిగించి నువ్వు సదివి సెప్పు, అమ్మీ."

"వద్దు మావా." ఉమామహేష్ పాక్కుంటూ వచ్చి అతని కాలు పట్టుకున్నాడు. "నానే ఆపీసినాననుకో."

"అనుకోటమేటి? సదువే."

దేవి స్విచ్చి నొక్కింది. తెర మీద ఒకటే వరస. ఆగిన లెక్క, ఆగిన టైము, ఆపిన మనిషి పేరు. నేల మీంచి ఉమామహేష్ ఆమెకేసి చూసి, కానియ్ అన్నట్టు తల ఊపాడు.

"ఉమామహేష్," అని చదివింది దేవి.

పోలిరాజు రెండు చేతులా తెడ్డు ఎత్తాడు. ఈసారి దేవి ఆపమనలేదు. తెడ్డు రెండు ముక్కలయ్యేదాకా కొట్టాడు. తరవాత ఆ ముక్కతోనే కొట్టాడు. ఉమామహేష్ కదలడం మానేశాక, కూతురి తల మీద చెయ్యేసి ఏడ్చాడు.

"నువ్వుండబట్టి నిజం తెల్సింది, అమ్మీ."

తెర మీదున్నది దేవి పేరు.