మూడు తప్పులు

"అక్కా, మళ్లీ మొదలెట్టావా?"

టీమ్ లీడ్ కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే అడిగాడు.

"మొదలెట్టింది నేను కాదు తమ్ముడూ, నీ యాప్. ఫోన్ ఆపి ఆన్ చేస్తే, వేసేసుకున్న మాత్రకి మళ్లీ అలారం కొడుతోంది."

వాళ్లు చేస్తున్నది పెద్దవాళ్లకు మాత్రలు గుర్తుచేసే యాప్. అందులో తప్పులు పట్టడమే ఆమె ఉద్యోగం. ఉద్యోగం బుద్ధిగా చేస్తోంది కాబట్టి ఆఫీసంతా కలిసి 'సణుగుడక్క' అని పేరు పెట్టింది.

"ఊరికే ఫోన్ ఆపి ఆన్ చేసేదెవరక్కా?"

"మా అత్తగారు. రోజుకి నాలుగుసార్లు. ఛార్జింగ్ మిగులుతుందట."

అందరూ ఫక్కున నవ్వారు.

"బీపీ మాత్ర రెండుసార్లు మింగి కళ్లు తిరిగి పడితే, అప్పుడు నవ్వండి."

"సరే సరే, లిస్టులో రాయి. తర్వాత చూద్దాం."

రాసింది. ఏది నొక్కితే ఏమైందో, అడుగడుగూ రాసింది. అతను హెడ్డింగ్ చదివి మూసేశాడు. అలా మూసేసినవి అప్పటికే రెండొందలు దాటాయి.

శుక్రవారం యాప్‌ని పెద్దాసుపత్రికి పంపాలి. వాళ్లు ఊ అంటే పదివేల ఫోన్లలోకి వెళ్తుంది. ఊహూ అంటే కంపెనీకి తాళమే. లీడ్ హడావిడిగా ఫోల్డర్ మొత్తం కట్టగట్టి పంపేశాడు.

సోమవారం జవాబు వచ్చింది. ఆసుపత్రి లెటర్‌హెడ్, కింద గుండ్రటి స్టాంపు.

మూడు తప్పులున్నాయి. అవి సరిచేస్తేనే సంతకం.

మొదటిది, ఫోన్ ఆపి ఆన్ చేస్తే రెండోసారి అలారం.

బాస్ గదిలో అందరూ నిలబడే చదివారు.

"అబ్బ, ఏం బుర్రరా బాబూ!" అన్నాడు లీడ్. "ఎంత వివరంగా రాశారో చూడండి సార్. ఇలాంటివాళ్లు మనకి ఒక్కరుంటేనా!"

అక్క కూడా చదివింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

"ఏంటక్కా?"

"ఏం లేదు. బాగా రాశారు."

పది రోజులు టీమంతా కుర్చీలకు అతుక్కుపోయింది. మూడు తప్పులూ పోయాయి.

పదకొండో రోజు పెద్ద డాక్టరమ్మ స్వయంగా వచ్చి సంతకం పెట్టింది. చప్పట్లతో అద్దాలు అదిరాయి.

బాస్ ఆమె ముందు ఒక కాగితం పెట్టాడు.

"డాక్టర్‌గారూ, ఆ తప్పులు పట్టినాయన్ని మాకిచ్చేయండి. క్వాలిటీ హెడ్‌ని చేస్తాం. ఇకమీదట ఆయన సరే అనందే ఏదీ గడప దాటదు. ఆర్డర్ కూడా రెడీ, పేరొక్కటే రాయాలి."

డాక్టరమ్మ కాగితం తీసుకుంది. సీటెక్కడో ముందే కనుక్కున్నట్టు, నేరుగా మూల బల్ల దగ్గరికి నడిచింది.

"మీ పేరు మీరే రాసుకోండమ్మా," అంటూ అక్క చేతిలో పెట్టింది.

"అయ్యో, ఆవిడ మా సణుగుడక్కండీ!" అన్నాడు లీడ్.

"పెరటిచెట్టు మందుకి పనికిరాదనుకున్నావా నాయనా?" అంది డాక్టరమ్మ. "మా దగ్గర ఏ ఎక్స్‌పర్టూ లేడు, యాప్‌తో పాటు నువ్వు చూసుకోకుండా పంపేసిన మీ లిస్టులోంచి ఈవిడ రాసినవే మూడు దించి, కింద మా స్టాంపు వేశాం."