కాగితం గ్లాసు

పిట్టగోడ మీది కాగితం గ్లాసును ఎవరు తీసి పారేయాలన్న తగువు పొద్దున కాఫీల దగ్గర మొదలై ఇంకా తెగలేదు.

“నేను తలకు పోసుకున్నాను. మళ్లా దాన్ని ముట్టుకోలేను” అంది అలివేలమ్మ.

ఆమె కొడుకు మునిరామయ్య పేపర్లోంచి తలెత్తలేదు. మనవడు మునిప్రసాద్ ఫోన్ చూసుకుంటున్నాడు. కోడలు యశోదమ్మ మాత్రం ఆ గ్లాసు వైపే చూస్తోంది. అడుగున మిగిలిన కాఫీలో ఈగ చచ్చి తేలుతోంది. అంచు చుట్టూ చీమలు. దానికన్నా ఎక్కువ రోత ఇంట్లోనే ఉందనిపించింది ఆమెకు.

నిన్న ఆ గ్లాసులో కాఫీ తాగినవాడు ఫైబర్ లైను వేయడానికి వచ్చిన జోయల్. ఒక మెట్టుకు పచ్చ వైరు చుట్టిన నిచ్చెన వేసుకుని ఇంటి చుట్టూ తిరిగి చూసి, ఒక్కటే దారి ఉందన్నాడు. మేడ మీద నుంచి లాగితే కొండ దిగి వచ్చే కోతులు నెల తిరక్కుండా తెంపేస్తాయి. వీధి వైపు కరెంటు తీగలు అడ్డం. మిగిలింది స్తంభం ఉన్న పక్క సందు. ఆ వైపు ఉన్నది పూజగది గోడ. దానికి లోపలి నుంచి రంధ్రం వేసి, తీగ మడత పడకుండా హాల్లోకి తెచ్చి, నడిమి గోడకు పెట్టె బిగిస్తే మునిప్రసాద్ గదికి సిగ్నల్ బాగా అందుతుంది.

అంతా విని అలివేలమ్మ అతని పేరు అడిగింది. చెప్పాడు. ఇక వేరే ఏమీ అడగలేదు. గడప దాటొద్దని, బయటి నుంచే కొట్టుకోమని అంది. అలా కొడితే లోపలి టైల్స్ పగులుతాయని జోయల్ చెప్పాడు. ఆమె వినలేదు. అతను వరండాలో కూర్చుని కాగితం గ్లాసులో ఇచ్చిన కాఫీ తాగాడు. నీళ్లు అడిగితే అలివేలమ్మ చెంబు పైకెత్తి దోసిట్లో పోసింది. తాగి, నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆఫీసు మీటింగుల్లో మనుషులంతా ఒకటేనని ఇంగ్లీషులో చెప్పే మునిప్రసాద్ ఆ దోసిలి చూశాడు. చూసి ఫోన్లోకి తల దించుకున్నాడు.

“పోయిన నెల రెండుసార్లు కాల్ మధ్యలో తెగిపోయింది. ఇంగొకసారి తెగితే ఉద్యోగంలోంచి తీసేస్తామని రాసినారు” అన్నాడిప్పుడు మునిప్రసాద్. “రేపు తొమ్మిదికి లైను ఉండాల నాయనా.”

“ఇంగో పిల్లోడ్ని పంపమను. పూజగదిలోకి పిలవగలిగినోడ్ని” అన్నాడు మునిరామయ్య.

“నేను మాట్లాడతాను” అని యశోదమ్మ ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్లింది. చాలాసేపటికి తిరిగి వచ్చింది.

“పదకొండుకు వస్తాడు. పేరు సుకుమార్.”

“పేరంటే అట్లుండాల” అంది అలివేలమ్మ.

సుకుమార్ చెప్పిన వేళకే వచ్చాడు. పచ్చ వైరు చుట్టిన నిచ్చెనను సందులో గోడకు ఆనించి, చెప్పులు విడిచి, కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చాడు. అలివేలమ్మ స్వయంగా దారి చూపించింది.

పూజగదిలో పటాలు ఆమె ఎవరినీ ముట్టుకోనివ్వదు. రంధ్రం కోసం ఈరోజు రెండు పటాలు దించక తప్పలేదు. వాటి వెనక గోడ నిండా జిడ్డు మసి, బల్లి గుడ్ల పెంకులు, ఎండిపోయిన బొద్దింకలు. మునిరామయ్య ముక్కు మూసుకుని హాల్లోకి వెళ్లిపోయాడు. సుకుమార్ తన సంచిలోంచి గుడ్డ తీసి అంతా తుడిచి, అప్పుడు డ్రిల్లు పెట్టాడు.

తీగ లోపలికి వచ్చాక దాని పైతోలు ఒలిచి, వెంట్రుకంత గాజు పోగును స్పిరిటుతో తుడుస్తున్నాడు. అలివేలమ్మ వంగి చూస్తూ వేలు చాపింది.

“తాకద్దవ్వా. చేతి మురికి తగిలితే పని చెయ్యదు.”

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. కోపం రాలేదు సరికదా, ముఖం విప్పారింది.

“శుద్ధం తెలిసిన పిల్లోడు. సూస్తేనే తెలిసిపోతాది ఎట్టాంటి ఇంట్లో పుట్టినాడో” అంది కోడలితో.

యశోదమ్మ వంటింట్లోకి వెళ్లి, భర్త పేరు చెక్కిన స్టీలు గ్లాసు నిండా కాఫీ తెచ్చింది. సుకుమార్ గ్లాసు వైపు చూసి, ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె తల ఊపింది. హాల్లో కుర్చీలో కూర్చుని తాగాడు.

పెట్టెలో పచ్చ దీపం వెలిగింది. మునిప్రసాద్ గంటసేపు మాట్లాడినా కాల్ తెగలేదు. మునిరామయ్య పని బాగుందని ఫోన్లో అయిదు చుక్కల రేటింగు నొక్కి, సుకుమార్ భుజం తట్టి పంపించాడు.

సాయంత్రం అందరూ వరండాలో కూర్చున్నారు. మునిరామయ్య తన గ్లాసులో కాఫీ తాగుతున్నాడు. పిట్టగోడ మీద కాగితం గ్లాసు అలాగే ఉంది.

“దాన్ని తీసేసి, నిన్న వాడు కూర్చున్న తావంతా పసుపునీళ్లతో కడుగు యశోదా” అంది అలివేలమ్మ. “బిడ్డ రేపు కొత్త లైన్లో పని మొదలుపెడతా ఉండాడు.”

యశోదమ్మ లేచి కాగితం గ్లాసును వట్టి చేత్తో తీసి చెత్తబుట్టలో వేసింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని వచ్చి, నిన్న జోయల్ కూర్చున్న చోటే కూర్చుంది.

“కడగను అత్తా” అంది, ఎప్పటి గొంతుతోనే. “ఇంగ ఈ ఇంట్లో ఎవురు కూర్చున్న తావూ నేను కడగను. మీకు కడగాలనే ఉంటే ఈడ కాదు, పూజగదిలో మొదలుపెట్టండి.”

మునిరామయ్య గ్లాసు పెదాల దగ్గరే ఆగింది.

“పూజగది ఎందుకు?”

“సుకుమార్ జోయల్ తమ్ముడు.”