గాలిమోటరు కిరాయి

విమానం కొన్న రోజున సాయిచంద్ కరీంనగర్‌లో తెలిసినవాళ్లందరికీ స్వీట్లు పంచాడు. దాన్ని ఎండకూ వానకూ దాచడానికి ఎంతవుతుందో మాత్రం ఎవరినీ అడగలేదు.

అది ఇద్దరు కూర్చునే బుల్లి విమానం. హైదరాబాద్‌లో దానికోసం హ్యాంగర్, అంటే విమానాల షెడ్డు, అద్దెకు తీసుకున్నాక నెలనెలా ఆయన గుండె గుభేలుమనేది.

"ఇంటి ఖర్చు కంటె దాని కిరాయే ఎక్కువైతాంది," అని భార్య మమతారాణి సణిగేది.

గ్రానైట్ వ్యాపారి సాయిచంద్ ఊరుకుంటాడా? చెన్నూరు అవతల ఎవరూ వాడని పాత రన్‌వే ఒకటుందని విన్నాడు. అక్కడ చవకలో ఓ షెడ్డు వేసుకోవచ్చేమో చూద్దామని ఒక్కడే విమానంలో బయల్దేరాడు.

చక్రాలు నేలను తాకేసరికి పడమటి దిక్కు నల్లబడిపోయింది.

"రాళ్లవాన వస్తది సారూ! గాలిమోటరును యాడన్న దాసిపెట్టుండ్రి," అన్నారు పరుగెత్తుకొచ్చిన ఊరివాళ్లు.

సాయిచంద్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. రాళ్లు పడితే ఆ పలచటి రెక్కలు ఎందుకూ పనికిరావు.

రన్‌వే పక్కనే ఒక రేకుల షెడ్డు కనిపించింది. విమానం రెక్కలు వెనక్కి మడిచే రకం కాబట్టి అందులో పడుతుంది. కానీ షెడ్డు నిండా, కప్పు దాకా, పత్తి.

షెడ్డు ముందు తెల్లచొక్కా ఆసామి ఒకడు కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఆ పక్కనే తలకు తుండుగుడ్డ చుట్టుకున్న ముసలాయన నేలమీద గొంతుక్కూర్చున్నాడు.

"సేట్, జర పత్తి బయట పెట్టిస్తరా? గంటసేపే," అని తెల్లచొక్కాను బతిమాలాడు సాయిచంద్.

"నాకేం అభ్యంతరం?" అన్నాడు తెల్లచొక్కా తలెత్తకుండా.

"సేట్ సరే అన్నడు. పట్టుండ్రి, పట్టుండ్రి!"

ఎవరూ కదల్లేదు. ముసలాయన మబ్బుల వైపు చూసి, పత్తి వైపు చూసి, అలాగే కూర్చున్నాడు.

సాయిచంద్ నోటికొచ్చిన అబద్ధం ఆడేశాడు.

"ఇది దవాఖాన విమానం. పేషెంటును తేనీకి పోతున్న. ఇది పాడైతే ఓ పాణం పోతది."

ముసలాయన చటుక్కున లేచాడు.

"గా ముచ్చట ముందుగాల చెప్పరాదు సారూ! బుచ్చవ్వా, పాత చీరలు పట్కరా!" అని గుంపులోకి కేకేశాడు.

చీరల్లో మూటలు కట్టి మోసుకొచ్చి, అందరూ పత్తిని బయట కుప్ప పోశారు. ముసలాయన దానిమీద టార్పాలిన్ కప్పి చుట్టూ బండలు పెట్టాడు. ఆ తర్వాత విమానాన్ని లోపలికి తోస్తుంటే ఆయన మోకాలు రెక్కకు తగిలింది.

"కండ్లు కనవడ్తలేవా? దాని ఖరీదెంతో ఎర్కేనా నీకు?" అని కసిరాడు సాయిచంద్.

"తప్పైంది సారూ."

తీరా లోపల పెట్టాక చూస్తే, సరిగ్గా విమానం అద్దం పైన ఒక రేకు ఊడిపోయి ఆకాశం కనిపిస్తోంది.

"గా టార్పాలిన్ ఇటియ్యి."

"పత్తి ఖరాబైతది గద సారూ," అన్నాడు ముసలాయన మెల్లగా.

"పత్తి ముఖ్యమా, పాణం ముఖ్యమా?"

ముసలాయన బండలు పక్కకు దొర్లించి, టార్పాలిన్ లాక్కొచ్చి, విమానానికి తన చేతులతోనే కప్పాడు.

రాళ్లవాన రేకుల మీద దబదబా విరుచుకుపడింది. విమానం మీద ఒక్క చుక్క పడలేదు. సాయిచంద్ ఊపిరి పీల్చుకున్నాడు. బయట మాత్రం తెల్లటి కుప్ప అందరి కళ్లముందే బురదలో కలిసిపోతోంది.

"పేషెంటు పేరేంది సారూ?" అని అడిగాడు ముసలాయన.

"పేరెందుకు?"

"మేము మెథడిస్టు సంఘపోళ్లం. పేరు పెట్టి ప్రార్థన చేస్తం."

సాయిచంద్‌కు ఏ పేరూ తట్టలేదు. రోజూ నాలుక మీద ఆడే పేరే బయటికొచ్చింది.

"స్పందన."

అది ఆయన కూతురి పేరు.

"అయ్యో, ఆడపిల్లనా! ఎన్నేండ్లు?"

"తొమ్మిది."

ముసలాయన తలగుడ్డ తీసి, తడి నేలమీద మోకరించాడు. వెనకాల ఆడవాళ్లు కొంగులు తలమీదికి లాక్కున్నారు.

"ప్రభువా, మా స్పందన బిడ్డను ముట్టి బాగుచెయ్యి. దాని తల్లి కడుపు సల్లగుంచు. గీ సారును యాళ్లకు చేర్చు తండ్రీ."

"ఆమెన్," అన్నారందరూ.

సాయిచంద్ తల దించుకున్నాడు. ఈ పాటికి స్పందన ఇంట్లో హాయిగా టీవీ చూస్తూ ఉంటుంది. ఏ జబ్బూ లేని పిల్లకు లేని జబ్బు అంటగట్టి, పరాయివాళ్లను మోకాళ్ల మీద నిలబెట్టాడు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు గానీ సిగ్గేసి మళ్లీ మూసుకున్నాడు.

వాన వెలిసింది. జేబులోంచి ఒక నోటు తీసి ముసలాయన చేతిలో పెట్టబోయాడు.

"నాకెందుకు సారూ? బిడ్డకు పండ్లు కొనుక్కపోండ్రి. జల్ది పోండ్రి, అవుతల పిల్ల పరేషాన్ అయితది."

అంటూనే ముసలాయన బురదలోకి దిగి, నానిన పత్తిని గుప్పిళ్లతో తీసి పిండడం మొదలుపెట్టాడు.

సాయిచంద్‌కు అక్కడ నిలబడటమే కష్టమైంది. అబద్ధం ఒప్పుకునే ధైర్యం ఎలాగూ లేదు. నష్టమైనా కట్టిస్తే మనసుకు కాస్త తెరిపిగా ఉంటుందని తెల్లచొక్కా దగ్గరికి నడిచాడు.

"సేట్, మీ పత్తంత నా వల్ల ఆగమైంది. ఎంతైతదో చెప్పుండ్రి, ఇచ్చే పోత. మీ కూలాయనను కూడ ఊకె కసురుకున్న."

తెల్లచొక్కా ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"నా పత్తేంది సారూ? నేను ఓంప్రకాశ్‌ను, పత్తి బేరానికి భైంసా నుంచొచ్చిన. షెడ్డు, టార్పాలిన్, గా బురదల కలిసిన ఏడాది పంట, అన్నీ మీరు కూలాయన అంటున్న గా బక్కయ్యవే."