చేతుల పర్మిట్

"మీ చేతివాటం తేడాగా ఉంది" అని అతని చేతులు పరీక్షించిన కిటికీలోని యంత్రం అనగానే, తనకు దొంగతనం అంటగడుతున్నారనుకున్నాడు రాజలింగం.

"నేను దొంగనా? రెండేండ్ల సంది గల్ఫుల టైల్స్ ఏస్తున్న!" అని అరిచాడు.

జగిత్యాల వలస కార్యాలయంలో వర్క్ పర్మిట్ల కోసం నిలబడ్డ వరుసంతా ఇటు తిరిగింది. ఇప్పుడు గల్ఫుకు మనుషులు పోవడం లేదు, చేతులే పోతున్నాయి. చేతులు పోవడమంటే ప్రమాదం కాదు, ప్రయాణం! ఇంట్లో కూర్చుని చేతి తొడుగులు వేసుకుని చేతులాడిస్తే, అక్కడి మరమనిషి టైల్స్ పరుస్తాడు.

"దొంగతనం కాదండీ. అక్కడ పనిచేసిన చేతులు మీవి కావు. పర్మిట్ రద్దు."

రాజలింగం తన రెండు చేతులనూ ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. ఇల్లు గడిచేది ఆ పర్మిట్ మీదే.

వెనకనున్న భార్య జమున ముందుకొచ్చింది. "రద్దు చెయ్యకుర్రి సారూ. అవి నా చేతులు."

"నీవా?" రాజలింగం నోరు తెరిచాడు.

జమున వరుసంతటికీ వినపడేలా చెప్పింది. "అన్నం తినంగనే నాలుగు టైల్స్ ఏసి గుర్రుపెడ్తడు. తొడుగులు గుంజి నేనేసుకునేదాన్ని. గీయన లేసేసరికి బాత్రూం మొత్తం అయిపోయేది. మళ్ల 'సూడే నా పనితనం' అని నాకే సూపెట్టేటోడు!"

వరుస గొల్లున నవ్వింది. యంత్రం ఆమె చేతులు పరీక్షించి, పనిచేసిన చేతులకే పర్మిట్ అంటూ ఆమె పేరున అచ్చువేసింది.

"భర్త ఏం చేస్తారు?" అని అడిగింది యంత్రం.

జమున మొగుడి వైపు చూసింది. ఇంకా తేరుకోని రాజలింగమే జవాబిచ్చాడు.

"వంట... రేపటి సంది."